దేని జాగల దాన్ని

శుక్రవారం స్టేడియం పనికి సెలవు. బిర్కత్ అల్ అవామిర్ కూలీల క్యాంప్‌లో మంచం మీద కూర్చుని, తాను ఖతార్ వచ్చాక ఊళ్ళో పుట్టిన నాలుగేళ్ళ బిడ్డతో వీడియోలో మాట్లాడుతున్నాడతను. మాట మధ్యలో ఏదో తలుపు మూసుకున్న చప్పుడై తెర నల్లబడింది. కాల్ తెగలేదు. ఆ చీకట్లోకి పిలిస్తే తన గొంతే తనకు తిరిగి వినిపించింది. కాసేపటికి వెలుతురు పడి, భార్య ముఖం కనబడింది.

“ఇగో, కట్ జెయ్యకుంటనే బీరువాల పెట్టింది.”

“ఎవలు?”

“నీ బిడ్డనే. ఆట అయినంక దేని జాగల దాన్ని పెట్టాలెనని నేర్పిన. బొమ్మలకో అర, బట్టలకో అర.”

“మరి నన్నెందుకు పెట్టింది?”

“ఫోన్‌కు గూడ ఒక అర ఇచ్చిన. దాన్ని నాయిన అర అంటది.”

“రోజు గిట్లనే పెడ్తదా?”

“రోజు. పండుకునే ముందట తలుపుకు చెవి పెట్టి ఇంటది. నాయిన నిద్రపోయిండు, సప్పుడు జెయ్యకు అంటది నాతోని.”

అతను ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

“లీవు దొరికింది. వచ్చే నెల అస్తున్న. దానికి చెప్పు.”

ఆమె సంబురంగా వెనక్కి తిరిగి చెప్పింది. చిన్న గొంతు ఏదో అడిగింది.

“ఏమంటున్నది?”

“ఏం లేదు తియ్యి.”

“చెప్పు.”

“ఆయన అస్తె, అరల ఉన్న నాయినను ఏడ పెట్టాలె అని అడుగుతున్నది.”