సంచి చుట్టూ నీరు

అమెరికాలోని డులూత్‌లో, ఆసుపత్రి ముందు మంచులో ఆగివున్న కారులో అక్క మార్లిస్, చెల్లెలు గ్రెచెన్.

“మళ్ళీ చెప్పు గ్రెట్. డాక్టరు అన్నది అన్నట్టే చెప్పు.”

“ఎన్నిసార్లు చెప్పనక్కా? వాచిన చోట సూదితో తీసిన నీళ్ళలో దొరికిందట. లింఫోమా అనే కేన్సరు.”

“రొమ్ము కేన్సరు కాదుగా?”

“కాదు. ఇది వేరేనట. రొమ్ము తీసేసిన చోట లోపల పెట్టిన సిలికాను సంచి చుట్టూ పొర కడుతుంది చూడు, అందులో పుడుతుందట. నున్నటివాటికి కాదు, మనిద్దరం పెట్టించుకున్న గరుకు సంచులకి. అదీ చాలా అరుదేనట.”

“అరుదంటే ఇంకెవరికీ రాదనేగా?”

“నాకొచ్చిందిగా.”

“అసలు రొమ్ములు ముందే తీయించుకుందామని నిన్ను నాతోపాటు ఆ ఆపరేషనుకి లాక్కెళ్ళింది నేను. ఒంట్లో ఏ జబ్బూ లేనిదానివి.”

“లాక్కెళ్ళకపోతే అమ్మలా రొమ్ము కేన్సరుతో పోయేదాన్నేమో. అమ్మ పోయిన వయసు ఇద్దరం దాటాం, అది నీ చలవే. ఇప్పుడవన్నీ తవ్వకు.”

“మరి ఏం చేస్తారట?”

“సంచీ, దాని చుట్టూ పొరా మొత్తం తీసేస్తారు. పొర దాటకపోతే అక్కడితో సరి అన్నాడు.”

“దాటితే?”

“నాకు దాటినట్టు లేదన్నాడు.”

“దాటితే ఏంటని అడుగుతున్నా.”

“చంకలో గడ్డలు కడతాయట. అప్పుడిక కీమో తప్పదు. ఎందుకూ?”

“ఊరికే. ఆ గడ్డ నొప్పి పెడుతుందటా?”

“నాకు లేని గడ్డ సంగతి నేనెందుకడుగుతానక్కా?”

“సరేలే. బెల్టు పెట్టుకో, పోదాం. రోడ్లు గడ్డకట్టేస్తాయి.”

“ఆగు. బండి తియ్యకు.”

“ఏమైందే?”

“వాపు ఎలా ఉందని రోజూ ఫోన్ చేశావు. పక్కకి తిరిగి పడుకుంటే లోపల నీళ్ళు కదిలినట్టుందా అని అడిగావు, గుర్తుందా? నాకలా ఎప్పుడూ అనిపించలేదు. నీకెవరు చెప్పారది?”

“ఎక్కడో చదివాన్లే.”

“నువ్వా? మందు సీసా మీద కాగితం కూడా నాచేత చదివిస్తావు.”

“గ్రెట్, ఇవాళ నీ సంగతి. నాది కాదు.”

“నీకెప్పట్నుంచి?”

“బ్రా ఒకవైపు బిగుసుకుంది, అంతే. వయసు కదా అనుకున్నాను.”

“ఎప్పట్నుంచక్కా?”

“మార్చిలో, ఈస్టరుకి ముందు.”

“ఇప్పుడు నవంబరు.”

“తెలుసు.”

“నన్ను డాక్టరు దగ్గరికి వెళ్ళు వెళ్ళు అని చంపుకుతిన్నావే. నువ్వెందుకు వెళ్ళలేదు?”

“భయమేసింది. ముందు నీకేమంటారో విందామనుకున్నాను.”

“కోటు విప్పు.”

“ఇక్కడెందుకే, చలి.”

“విప్పి ఆ చెయ్యి పైకెత్తు. చంక చూడనీ.”

“ఆ చెయ్యి పైకి లేవడం మానేసిందే, గ్రెట్.”