కొయ్యచేప పులుసు

ఆగాగు, తోక కొయ్యకమ్మాయ్. కొత్తేడు పండగ చేప తలా తోకా ఉండగానే వండాలి. పళ్లెంలో పట్టకపోతే బయటికి వేలాడనీ, ఏం కాదు. మా మనవడికి బుద్ధుందా అసలు, ముగ్గురు మనుషులకి ఇంత చేపా! నిన్ను చేసుకున్నాక మొదటి పండగ కదా, గొప్ప చూపిస్తున్నాడు. మా చిన్నప్పుడా? మాకు చేపెక్కడిదే. కొయ్యచేప ఉండేది మాకు. నవ్వకు. నిజంగానే చెప్తున్నా, నవ్వకు. ఒక మనిషి అట్లాగే నవ్వి... సరేలే. ఆ స్టూలు ఇటు జరుపు, మోకాళ్లు పట్టేస్తున్నాయి.

మాది గట్టు మీద ఊరు. వాన పడితే ఆ నీళ్లు గోతిలో పట్టుకుని ఏడాదంతా తాగాలి. మొహం కడిగిన నీళ్లు గొర్రెకి పెట్టేవాళ్లం. అట్లాంటి చోట చేప ఎట్లా ఉంటుందో ఎవడికి తెలుసు? అయినా పండగ పళ్లెంలో చేపుంటే ఏడాదంతా ఇంట్లో మిగులుంటుందంటారు కదా, మా తాత అదెట్లా ఉంటుందో ఎక్కడో విని వచ్చి బేరిచెట్టు కొయ్యతో ఒకటి చెక్కాడు. చేపంటే చేపలా ఉండదు, చెవుల్లేని కుందేల్లా ఉండేది. పండగనాడు దాన్ని పళ్లెంలో పెట్టి, పందికొవ్వూ అల్లం ఎండుమిరపా వేసి కాచిన పులుసు పైన పోసేవాళ్లు. ఆ పులుసులో రొట్టె అద్దుకుని తినేవాళ్లం. తిన్నాక కడిగి, గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టేసేది మా అమ్మ. మళ్లీ ఏడాదికే బయటికి. మా నాన్న పోయాక ఇంట్లో మగదిక్కు మా అన్న చాంగ్‌మావ్ ఒక్కడే. అమ్మకి ఆ పెట్టె తర్వాత వాడే.

వాడు ఉన్ని అమ్మడానికి నది దాకా వెళ్లి, అక్కడ పడవవాళ్ల పిల్లని చూసొచ్చాడు. సూహె. మా వదిన. ఆమె గురించే చెప్పొచ్చేది. పెద్ద అందగత్తె కాదు, పళ్లు కొంచెం ఎత్తు. కానీ నవ్విందంటే ఇంట్లో దీపం పెట్టినట్టుండేది. ఊళ్లో ఎవరూ అట్లా నోరు తెరిచి నవ్వరు, దుమ్ము లోపలికి పోతుందని. మొదటి పండగకి పళ్లెం వచ్చింది. నది ఒడ్డు పిల్ల కదా, చేపని చూసేసరికి ప్రాణం లేచొచ్చింది పాపం, తినే పుల్లలతో పొడిచింది. టక్కుమంది. మళ్లీ పొడిచింది. టక్కు! ఇంక చూస్కో, పొట్ట పట్టుకుని నవ్వు. "అయ్యో, ఇది కొయ్యత్తయ్యా! మన మాటలో చేపన్నా మిగులన్నా పలుకు ఒకటే కదా, నోటితో అనుకుంటే చాలదూ? పళ్లు ఊడగొట్టుకోవాలా?" అంది. అన్నకీ నవ్వొచ్చింది, తల దించుకున్నాడు. అమ్మ మాత్రం పళ్లెం తీసుకుని లేచిపోయింది. "ఇంటి మిగులుని చూసి నవ్వుతావా" అని ఒక్కటే మాట.

ఆ ఎండాకాలమే కాలవ తవ్వే పనికి ఇంటికో మనిషిని పంపమన్నారు పైవాళ్లు. అన్న వెళ్లాడు. కాలవ గట్టు విరిగి మీద పడింది. అంతే. ఇంకేం చెప్పను.

అమ్మ ఏడవలేదు, అదే భయం నాకు. "నవ్వింది, నా కొడుకుని మింగింది" అనేది వచ్చినవాళ్లందరితో. వదినని పేరుపెట్టి పిలవడం మానేసింది. "ఏయ్", "ఇదిగో", అంతే. పండగకి పులుసు కాచేది వదినే, కానీ ఆ చేపని ముట్టుకోనిచ్చేది కాదు, పళ్లెం నేనే పట్టుకెళ్లాలి. వదిన వాళ్ల నాన్న నడుచుకుంటూ వచ్చాడొకసారి, "పదమ్మా, ఇంటికి పోదాం" అని. వదిన పిండి పిసుకుతోంది, తల కూడా ఎత్తలేదు. "వస్తే ఆవిడన్న మాట నిజమైపోతుంది నాన్నా" అంది. ఆయన రొట్టె తిని వెళ్లిపోయాడు.

తర్వాత ఆ కరువు. నీకెందుకులే అవన్నీ. బెరడు తిన్నాం. అమ్మ కాళ్లు వాచి, కళ్లు మూతపడి, పిలిస్తే పలకని స్థితికొచ్చింది. ఓ పొద్దున లేచేసరికి వదిన పెట్టె తెరిచి కొయ్యచేపని మొద్దు మీద పెట్టింది, చేతిలో గొడ్డలి. "వదినా, అమ్మ చంపేస్తుంది నిన్ను!" అన్నా. "బతికుంటేగా చంపడానికి" అంది. చీల్చి, ముక్కలు చేసి, కుండలో వేసి పొద్దంతా మరగబెట్టింది. ఎన్ని పండగల కొవ్వు తాగిందో ఆ కొయ్య, నీళ్ల మీద నూనె చుక్కలు తేలాయమ్మాయ్! వాసన... ఆ వాసన ఇప్పటికీ... సరే. చెంచాతో అమ్మ నోట్లో పోసింది. అమ్మ పెదాలు నాకింది. "ఏంటిది?" "చేప పులుసత్తయ్యా. మా నాన్న పంపాడు." అవే ముక్కలు మళ్లీ మళ్లీ మరిగించి పోసింది. తను ఒక్క చుక్క ముట్టలేదు. ఆ పులుసుకే అమ్మ బతికిందా అంటే నాకేం తెలుసు? తర్వాత ఊరికి గింజలొచ్చాయి. గింజలొచ్చేదాకా ఉండాలి కదా మనిషి.

లేచి తిరిగింది అమ్మ. పండగొచ్చింది, పెట్టె తెరిచింది, గుడ్డ ఖాళీ. "చేపేదీ?" అంది. నేను తలుపు వెనక్కి వెళ్లిపోయా. వదిన ఎదురుగా నిలబడింది. "మీ కడుపులో ఉందత్తయ్యా" అంది.

అమ్మ చాలాసేపు ఆ గుడ్డ మడతపెడుతూనే ఉంది. విప్పడం, మళ్లీ మడవడం. చివరికి ఉత్త పళ్లెం తీసి, కొంగుతో తుడిచి, వదిన చేతికిచ్చింది. "సూహె" అంది. "ఉప్పునీళ్లు కాచి దీన్లో పొయ్. బల్ల మీద నువ్వే పెట్టు." రొట్టె ఆ ఉప్పునీళ్లలో ముంచుకుని తిన్నాం ముగ్గురం.

మరుసటేడు అమ్మే సంబంధం చూసింది. లోయ అవతల కుండలు చేసే ఆయన, భార్య పోయింది. వదిన వెళ్లనంది. "నా పక్కన కూచుని ఎండిపోతావా? పో, వెళ్లి నవ్వుకో" అని తిట్టి మరీ పంపింది. గాడిద మీద ఎక్కించి, వాలు దిగేదాకా నడిచింది వెనకాలే. ఒక పిల్లాడు పుట్టాడని కబురొచ్చింది. రెండో కాన్పులో పోయింది వదిన. ఆ కబురు సరిగ్గా పండగ ముందే వచ్చింది. అప్పటికే గుమ్మానికి పండగ ఎర్రకాగితాలన్నీ అంటించాం. అమ్మ బంక ఇంకా ఆరని కాగితాలు గోళ్లతో గీకి పీకేసింది. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి, "అయ్యో, పోయింది ఇంకో ఇంటి కోడలు కదే, నీ గుమ్మానికి మైలేంటి? శుభమా అని పండగపూట!" అంది. అమ్మ పీకుతూనే, "నా ఇంటి మనిషే" అంది. సొంతవాళ్లు పోతే పట్టినట్టే, మూడు పండగలు మా గుమ్మం బోసిగానే ఉంది. ఊరంతా ఎరుపు, మా ఒక్క ఇల్లు...

మూకుడులో పొగ వస్తోంది చూడు. నూనె మాడిపోతుంది, సెగ తగ్గించు.