మరిదిగారి ఆరో పోటీ

ఆగస్టు నెల, మధ్యాహ్నం రెండున్నర. నోటరీ పని చేసే ఆర్డిత్ వంటింటి బల్ల నిండా ఓటర్ల సంతకాల కాగితాలు. ఎదురుగా ఆవిడ మరిది లైల్ టోర్గర్సన్. దేన్లోనూ సర్కారు జోక్యం వద్దనే లిబర్టేరియన్ పార్టీ తరఫున అమెరికా అధ్యక్ష పదవికి ఆరోసారి నిలబడుతున్నవాడు.

“...అది కాదు వదినా, మాట్లాడుతూ కూడా ముద్ర వెయ్యొచ్చు కదా. ఐదింటికి ఎన్నికల ఆఫీసు మూసేస్తారు. రాష్ట్ర రాజధానికి గంటన్నర దారి.”

“వేస్తూనే ఉన్నాను. నువ్వు ప్రమాణం చెయ్యి. ఈ కాగితం మీద సంతకాలన్నీ నీ కళ్ళ ముందే పెట్టారా?”

“పెట్టారు, పెట్టారు. నోటరీ ముద్ర లేకపోతే మనిషి మాట మాట కాదట. ఎవడు పెట్టాడో ఈ రూలు.”

“శాసనసభలో ఉన్నప్పుడు నువ్వే తీసేయించాల్సింది.”

“రెండేళ్ళే కదా ఉన్నాను.”

“ఆ రెండేళ్ళూ ప్రతిదానికీ వద్దని చెయ్యెత్తావు. భోజనానికి లేద్దామన్నా వద్దన్నావట.”

“అది సూత్రం. ఎగతాళి చెయ్యి, పర్లేదు, చెయ్యి మాత్రం ఆపకు. బ్యాలెట్ మీద పేరెక్కాలంటే మూడు వేల సంతకాలు కావాలి, నూట పన్నెండు ఎక్కువే ఉన్నాయి. ఐదుసార్లు పోటీ చేశాను, ఐదుసార్లూ సొంత రాష్ట్రం బ్యాలెట్ మీద నా పేరుంది. ఇవాళ ఇవి అందకపోతే ఈసారి లేనట్టే. నాకు డెబ్భై నాలుగేళ్ళు. ఇంకోసారి అంటూ ఉండదు.”

“ఐదుసార్లూ సంతకాలు తెచ్చింది మెర్విన్.”

“కాదన్నానా? అన్నయ్య లేకపోతే నేను—”

“తుపాకుల సంత బయట మంచులో నిలబడి తెచ్చాడు. సూపర్ మార్కెట్ వాళ్ళు మూడుసార్లు తరిమేశారు.”

“వాళ్ళ స్థలం, వాళ్ళిష్టం. మన సిద్ధాంతమే కదా అది.”

“మీ అన్నయ్య కూడా అదే అన్నాడు. దగ్గుతూ. పోయినసారి మన ఊళ్ళో నీకెన్ని ఓట్లు పడ్డాయి?”

“నలభై ఒకటి.”

“అందులో ముప్పై ఆయన గడప గడపకీ తిరిగి అడుక్కొచ్చినవే.”

“తెలుసు వదినా. ఇంకా ఎన్ని కాగితాలున్నాయి?”

“పదిహేను. కాఫీ పొయ్యనా?”

“వద్దు. సరే పొయ్యి, సగం కప్పు. మహాసభలో ఏమైందో చెప్పానా? మన పార్టీ బ్యాలెట్‌లో ‘వీళ్ళెవరూ వద్దు’ అని ఒక గడి ఉంటుంది చూడు. చివరికి నేనూ అదే మిగిలాం. పదకొండు ఓట్లతో గెలిచాను.”

“అసలు లేనివాడి మీద.”

“వదినా.”

“ప్రమాణం చెయ్యి. ఈ కాగితం?”

“నా కళ్ళ ముందే.”

“మార్చిలో టీవీ వాళ్ళు వచ్చినప్పుడు జరిగింది కూడా నీ కళ్ళ ముందే.”

“మళ్ళీ అదా.”

“మళ్ళీ ఏమిటి? మనం ఒక్కసారైనా మాట్లాడుకున్నామా దాని గురించి?”

“ఇప్పుడు టైం లేదు.”

“చేత్తో కదా సంతకం పెడుతున్నావు, చెవులు ఖాళీయే. నీ అపార్ట్‌మెంటు కెమెరాకి బాగుండదని ఇంటర్వ్యూ ఈ ఇంట్లో పెట్టించావు. మెర్విన్ కుర్చీ పక్కన ఆక్సిజన్ మెషిను ఉంది.”

“దాని మీద సర్కారు బీమా స్టిక్కరు ఉంది, ఇంత పెద్దది. నేనేమో అన్నదమ్ములిద్దరం సర్కారు దగ్గర ఏనాడూ చెయ్యి చాపలేదని చెప్పబోతున్నాను. కాసేపు గ్యారేజీలో పెడదామన్నాను. అన్నయ్య సరే అన్నాడు.”

“నిన్ను ఎప్పుడు కాదన్నాడు గనక. కాసేపంటే ఎంత?”

“పది నిమిషాలు.”

“నలభై. నేను గడియారం చూస్తూ తలుపు దగ్గర నిలబడ్డాను. తీసుకొస్తానంటే ఆగమని చెయ్యి చూపించావు.”

“కెమెరా నడుస్తోంది వదినా.”

“ఆయన పెదాలు నీలం తిరిగాయి. టీవీలో ఆ ముక్క కత్తిరించారు. వాళ్ళు వెళ్ళాక నన్నేం అడిగాడో తెలుసా? తమ్ముడు బాగా మాట్లాడాడు కదా అని.”

“దానివల్ల కాదని డాక్టరు కూడా చెప్పాడు. తొమ్మిది రోజుల తర్వాత కదా ఆయన—”

“ఎనిమిది.”

“నాకు మాత్రం బాధ లేదా? సమాధి దగ్గర నేను మాట్లాడలేదా?”

“మాట్లాడావు. పన్నుల గురించి.”

“అన్నయ్యకి ఇష్టమైన విషయం.”

“ఇదే ఆఖరిది. ప్రమాణం?”

“నా కళ్ళ ముందే. వదినా, నా మీద అంత కోపం పెట్టుకుని కూడా మే నెల నుంచి ప్రతి కాగితానికీ ముద్ర వేసిపెట్టావు. నేను మర్చిపోను.”

“తలుపు దగ్గరగా వేసి వెళ్ళు. ఈగలొస్తాయి.”

ఐదింటికి పది నిమిషాలుందనగా ఆర్డిత్ ఇంట్లో ఫోను మోగింది.

“వదినా, నువ్వు కంగారు పడకు.”

“పడటం లేదు.”

“ఇక్కడ కౌంటరు దగ్గర అమ్మాయి ముద్ర కింద తేదీ చూపిస్తోంది. నీ నోటరీ లైసెన్సు ఏప్రిల్ ముప్పైతో అయిపోయిందట. కాగితాలన్నీ ఆ తర్వాతవే. చూసుకోలేదా నువ్వు?”

“నువ్వు చూసుకోలేదా? నీ సంతకం పక్కనే కదా ముద్ర.”

“సర్కారు ముద్రని నేనెప్పుడు చదివాను?”

“అదీ నిజమే. మనిషి తన పని చేసుకోడానికి సర్కారు లైసెన్సు దేనికని ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నావు.”

“అవన్నీ ఇప్పుడు కాదు. విను, దారి ఉంది. పొరపాటున గడువు దాటిపోయిందని నోటరీ చెబితే దిద్దుకోడానికి పది రోజులిస్తారట. ఫోనులో చెప్పినా చాలట, రాసుకుంటారు. తెలిసి వేసుంటే మాత్రం ఒక్క కాగితమూ చెల్లదు. భర్త పోయిన మనిషివి, ఏప్రిల్‌లో నీకు తేదీలేం గుర్తుంటాయి? ఎవరైనా నమ్ముతారు.”

“లైసెన్సు పొడిగించుకోమని ఉత్తరం వచ్చింది లైల్. రెండుసార్లు.”

“ఆ సంగతి ఎత్తకు. ఎవరూ అడగరు. మర్చిపోయాను అను, ఒక్క మాట. నా కోసం కాదు, అన్నయ్య కోసం. ఆయన పడ్డ కష్టమంతా—”

“ఇంకా ఎంత టైముంది?”

“ఆరు నిమిషాలు. చెబుతావు కదా?”

“ఫోను ఆ అమ్మాయికివ్వు.”

“ఇస్తున్నా, ఇస్తున్నా. నా తల్లివి వదినా. ఇదిగోనమ్మా, మా వదిన. పెద్దావిడ, కాస్త నెమ్మదిగా అడుగు.”

“ఏమ్మా, ఇంటికెళ్ళే వేళకి నిన్ను ఇబ్బంది పెడుతున్నాం. నా పేరు ఆర్డిత్ టోర్గర్సన్. అవును, ఆ ముద్రలన్నీ నేను వేసినవే. లేదమ్మా, మర్చిపోలేదు. గడువు అయిపోయిందని తెలిసే వేశాను, ప్రతి ఒక్కటీ. నెమ్మదిగా మళ్ళీ చెబుతాను, రాసుకో.”