గడ్డికోత ట్రాక్టరు, గట్టి స్ప్రింగు

ఏ మరమ్మతుకైనా ముందు మన స్టోర్‌కీపరు గారు పానా చేతబట్టి, కళ్లు మూసుకుని, ఒక్క క్షణం దేవుణ్ణి తలచుకుంటారు. ఆ ప్రార్థన ఇనుముకు ఎలా తోడ్పడుతుందన్న సందేహాన్ని డ్రైవరు బక్కన్న ఏళ్ల తరబడి మనసులో మోశాడు. 1991 జూన్ పదో తేదీన ఈ ఉద్యానవన కార్యాలయంలో సహాయకులుగా చేరి, నేడు విశ్రాంత జీవితంలోకి అడుగిడుతున్న ఆ పెద్దమనిషిని గురించి ఆ సందేహంతోనే మొదలుపెట్టడం సముచితం.

తొలి సంవత్సరాల్లో నీటి గొట్టాలు చూసుకున్నారు, ఎరువుల పంపిణీ నడిపారు. తరువాత స్టోరు బాధ్యత స్వీకరించి, అడిగినవారిని విసుక్కోకుండా, వస్తువును వృథా కానివ్వకుండా ఆ గదిని సొంత ఇల్లులా కాపాడారు. గడ్డి కోసే పాత ట్రాక్టరు మీద మాత్రం ఆయనకు ఎనలేని మమకారం.

ఒక ఏడాది ఆ బండి మొరాయించింది. దానికి విడిభాగాలు దొరకవని మెకానిక్కు చేతులెత్తేశాడు. వారం లోపల నడవకపోతే తుక్కు కింద అమ్మేస్తామని పైవారు తేల్చారు. బక్కన్న గుండెల్లో రాయి పడింది. మోకాలు దెబ్బతిన్న మనిషి, కూర్చుని చేసే ఈ పని పోతే తోపుడు యంత్రం నెట్టలేడు.

స్టోర్‌కీపరు గారు ప్లగ్గు మార్చారు, కార్బురేటరు కడిగారు. భారీ మనిషైన తాను కూర్చుంటే బండి షెడ్డులో చక్కగా తిరిగేది. బక్కన్న ఎక్కి కదిలించబోగానే ఆగిపోయేది.

"దానికి నీ మొహం నచ్చలేదురా!" అని తోటమాలులు నవ్వారు.

"అన్నయ్యా, దేవుడికి కార్బురేటరు సంగతి తెలుసంటారా?" బక్కన్న ఉండబట్టలేక స్టోర్‌కీపరు గారినే అడిగేశాడు.

"ఏమోరా, నేనూ అడుగుతుంటాను. తలచుకుంటే నా చేతులు మాత్రం వణకవు. అది చాలు."

గడువు చివరి రోజు, బండి అమ్ముడుపోయేలోగా ఒక్క మూటైనా చేరవేద్దామని బక్కన్న ఎరువు మూటను ఒళ్లో పెట్టుకుని బండి ఎక్కాడు. ఈసారి బండి ఆగలేదు! మూట దింపగానే ఆగింది. సీటు మీద మనిషి లేకపోతే ఇంజను ఆగేలా ఆ బండికి ఒక స్విచ్చు ఉంటుంది. కుదుపులకు బక్కన్న మోకాలు నొప్పి పెడుతోందని, బండి మొరాయించడానికి కొద్ది రోజుల ముందు స్టోర్‌కీపరు గారే సీటు కింద గట్టి స్ప్రింగు వేశారు. వేసి, తానే కూర్చుని సరిచూశారు. బక్కన్న కొద్దిపాటి బరువుకు ఆ సీటు దిగలేదు, స్విచ్చు నొక్కుకోలేదు.

"నీ మేలు కోరి నీ కొంపే ముంచబోయాను కదరా!" అని ఆయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, మెత్తని స్ప్రింగు బిగించారు. బండి దక్కింది, బక్కన్న పనీ నిలిచింది.

వారికి ఆ భగవంతుడు పూర్ణారోగ్యాన్ని, దీర్ఘాయువును, వారి సతీమణి, మన వదినగారి సాహచర్యంలో ప్రశాంతతను ప్రసాదించాలని కోరుకుందాం. బండి బాగుపడిన ఆ రోజు బక్కన్న ఆయనకొక మాట ఇచ్చాడట: తోటంతా ఒక చుట్టు మీ చేతనే తోలిస్తానని. షెడ్డు దాటితే డ్రైవరే తోలాలన్న నియమం వల్ల ఆ బాకీ ఇన్నేళ్లూ ఉండిపోయింది. నిన్న సాయంత్రం అనుమతి తీసుకుని, బక్కన్న తాళం ఆయన చేతిలో పెట్టాడు.

"మెల్లగా అండీ, గులాబీల మీదికి పోనిచ్చేరు!" అని వదినగారు గట్టు మీంచి కేకలు వేస్తుండగా, బక్కన్న కుంటుతూ పక్కనే నడుస్తుండగా, చుట్టు పూర్తయింది.