ఇంగ్లండుని రివర్స్ తీయించిన బంగారయ్య

సాయంత్రం నాలుగున్నరైంది. అనకాపల్లి బస్టాండు వెనక వీధిలో రూతమ్మ టీ బడ్డీ ముందు, బల్లమీద బంగారయ్య కూర్చుని రెండో టీ తాగుతున్నాడు. ఎదురుగా విత్తనాల కొట్టు, దాని మీద మేడగది, ఆ గదిలో ఐదింటికి ఇంగ్లీషు క్లాసు. నలభై రోజుల క్లాసుకి ఇవాళే ఆఖరు. బంగారయ్య ఆ మేడమెట్లకి వీపు పెట్టి కూర్చున్నాడు. రూతమ్మ అది గమనించింది.

బంగారయ్య పరవాడలో ఓ మందుల కంపెనీకి బస్సు డ్రైవరు. పందొమ్మిదేళ్ళుగా రాత్రి షిఫ్టు జనాన్ని దింపడం, ఎక్కించడం. పగలు నిద్రపోతాడు, ఇంట్లోవాళ్ళతో కలిసి అన్నం తిన్న రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు కంపెనీ, విదేశాల నుంచి వచ్చేవాళ్ళ కోసం కొత్త వ్యాను కొంది. అది పగటి డ్యూటీ. బెల్టు పెట్టుకోండి, చెయ్యి బయట పెట్టకండి, లోపల ఫోను వాడకండి, కంపెనీ ఇచ్చిన టోపీ తియ్యకండి. ఈ నాలుగు ముక్కలూ ఇంగ్లీషులో చెప్పగలిగిన డ్రైవరుకే ఆ వ్యాను. సోమవారం ట్రాన్స్‌పోర్టు ఆఫీసరు కూర్చోబెట్టి వింటాడు. ఇవాళ ఆ మేడగదిలో నోరు తిరగకపోతే సోమవారం తిరిగేదేమీ ఉండదు.

ఈ సంగతంతా తెలిసినా బంగారయ్య మాత్రం వేరే సంగతి మొదలెట్టాడు.

"బావా, ఆ మేడమీద పాఠం సెప్తంది సూడు, దీనా మేడమ్. ఇశాపట్నం యూనివర్సిటీలో రీసెర్చి సేత్తంది, పెద్దోళ్ళు కొత్తగా ఇంగ్లీషు ఎలగ నేరుత్తారో తేల్సడానికొచ్చింది. ఆ పాపకి దారి సూపించిందెవరనుకున్నావు? నానే."

బెల్లం దించడానికి మార్కెట్టుకొచ్చి టీకి ఆగిన అప్పలరాజు గ్లాసు కింద పెట్టాడు. "నువ్వా బావా?"

"నానేటి పెద్ద గొప్ప సేసేననటం లేదు. సిన్న సాయం. మొదటిరోజు ఆ పాప ఇక్కడే స్కూటీ వెనక్కి తీత్తంటే కాలవలో పడబోయింది. నాను లగెత్తుకెల్లి, రానీ, రానీ, రైట్, రైట్, హోల్డాన్, అన్నాను. స్కూటీ గీత గీసినట్టు ఆగిపోయింది. మేడమ్ దిగి, బంగారయ్యగారూ మీరిప్పుడు మాటాడింది ఇంగ్లీషే కదండీ, మీకు రాదన్నారెవరు, అని సంచిలోంచి రికార్డరు తీసింది. ఆ తరవాతేటైందో తెలుసా?"

"ఏటైంది?"

"ఆ రికార్డరు ఎల్లి వాళ్ళ ప్రొఫెసరు టేబులు మీద పడింది. ఆయన మూడుసార్లు విని కుర్చీలోంచి లేసిపోయేడట. ముప్పై ఏళ్ళు పాఠం సెప్పేను, నా ఇంగ్లీషుకి ఓ సైకిలు కూడా ఆగలేదు, ఈ మనిషి మాటకి బండి ఆగిందంటే భాష ఈయన దగ్గరుందా నా దగ్గరుందా, అని కారేసుకుని మా ఇంటికొచ్చీసేడు. నాను డ్యూటీ దిగి పడుకున్నాను. లేపొద్దన్నాడట. అరుగుమీద కూకుని నా గురక కూడా రికార్డు సేసుకుని పోయేడు."

బల్ల చివర టీ తాగుతున్న, పోస్టుమాస్టరుగా రిటైరైన చంద్రమౌళి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "గురక ఏ భాషలో పెడతావురా అల్లుడా?"

"అదే వాళ్ళకీ తేలట్లేదు మావా, ఇంకా రీసెర్చి నడుత్తంది," అని బంగారయ్య తడుముకోకుండా సాగిపోయాడు. "అది వదిలీ. రాజయ్యపేట దగ్గర సముద్రంలో తెల్లోళ్ళ ఓడ ఇసకలో దిగబడిపోయింది, నీకు తెలీదు, పేపర్లో రాలేదు, రానివ్వలేదు. కేప్టెను పుత్తకం సూసి ఓడకి పెద్ద పెద్ద ఇంగ్లీషు సెప్తన్నాడు, అది కదలదు. వలలోళ్ళు తాళ్ళేసి లాగేరు, కదలదు. ఆకరికి నాకు ఫోను. బస్సు పక్కన పెట్టి ఎల్లేను, తువ్వాలు భుజాన ఏసుకుని ఒడ్డున నిలబడ్డాను, రానీ, రైట్, రైట్, కొంచెం ఎడం కొట్టు, రైట్, అన్నాను. ఓడ దానంతటదే వెనక్కొచ్చీసింది."

"ఓడకి చెవులుంటాయేటి?" అన్నాడు చంద్రమౌళి.

"ఓడకి లేవు మావా. ఇంగ్లీషుకున్నాయి."

అప్పలరాజు నవ్వలేదు, ఇంకాస్త ముందుకి జరిగాడు. రూతమ్మ పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ గోడ గడియారం చూసింది. ఐదుకి పావు తక్కువ. ఈ మనిషికి మాటలు రావని ఎవరంటారు అనుకుంది. అసలు సంగతి ఆవిడకి తెలుసు. నర్సింగు చదువుతున్న కూతురి పుస్తకాల్లో ఏముందో తెలుసుకుందామని ఆవిడ కూడా ఆ క్లాసులో చేరింది. ఆయన పక్క కుర్చీ ఆవిడదే.

"ఓడలో కేప్టెను ఊరుకుంటాడా? లండన్‌కి సెప్పీసేడు. ఇంకేటుంది, వీడియో కాలు. ఇదే బల్లమీద కూకున్నాను, ఇదే గ్లాసు సేతిలో. అవతల హాలు నిండా ప్రొఫెసర్లు, కుర్చీలు సాలక నిలబడ్డారు. బంగారయ్యగారూ, లోకం మొత్తానికి ఇంగ్లీషు నేరుపుతున్నాం, సగం మందికి పట్టుబడట్లేదు, మా తప్పేటో సెప్పండి అన్నారు. నాను ఒకటే అన్నాను. బాబూ, మీరు ఇంజను ఇప్పి ప్రతి బోల్టు పేరూ సెప్పించి అప్పుడు బండెక్కమంతన్నారు. ముందు ఎక్కనియ్యండి, హారను కొట్టనియ్యండి, రెండుసార్లు గోడకి రాసుకోనియ్యండి, బోల్టుల సంగతి తరవాత సూసుకోవచ్చు, అన్నాను. అందరూ రాసుకున్నారు. ఒకాయన ఏడిసేడు కూడాను."

ఈ మాట దగ్గర రూతమ్మ గరిటె ఆపింది. కోతల మధ్యలో నిజంగా మంచిమాట దొర్లింది. అన్నీ తెలుసు ఈయనకి, ఎక్కడమొక్కటే మానేశాడు అనుకుంటే ఆవిడకి జాలీ వచ్చింది, కోపమూ వచ్చింది.

"ఆ తరవాతేటైందో తెలుసా? అసలు గొడవ అప్పుడు బయటపడింది. ఆ ఇంగ్లండు సముద్రంలో వంకరగా పార్కింగు సేసుంది బావా. వచ్చే ఓడలకి అడ్డం, పోయే ఓడలకి అడ్డం. ఎంతోమంది సూసేరు, ఎవరికీ దారి దొరకలేదు. మీరే సరిసెయ్యాలన్నారు. నాను ఫోను బల్లమీద ఆనించి, లేసి నిలబడి, జనాలందరూ దేన్నైనా పట్టుకోండి అని ఓ మాట సెప్పి, రానీ, రానీ, రైట్, రైట్... దేశం కదిలింది. గోడమీద గడియారాలు ఊగేయి, అందరి గ్లాసుల్లోనూ టీ ఒలికింది. రెండడుగులు వెనక్కి తీయించి హోల్డాన్ అన్నాను. అనడం ఓ రవ్వ ఆలీసమైతే ఎల్లి అమెరికాని గుద్దీసీది."

"మరి గుద్దలేదు కదా?" అన్నాడు అప్పలరాజు, కొంచెం కంగారుగానే.

అప్పుడే స్కూటీ చప్పుడైంది. దీనా బండి నిలబెట్టి, బల్లమీదున్న బంగారయ్య వీపుని ఒక్కక్షణం చూసి, మెట్లెక్కి వెళ్ళింది. మేడగది కిటికీ తెరుచుకుంది. బంగారయ్య వెనక్కి తిరగలేదు. ఖాళీ గ్లాసు ముందుకి చాపాడు.

"సెల్లెమ్మా, ఇంకో టీ."

"లేదన్నా."

"కెటిలు పొగలు కక్కుతుంటే లేదంతావేటి?"

"ఊళ్ళో అందరికీ ఉంది. నీకు లేదు." రూతమ్మ చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికొచ్చింది. "అన్నా, నలభై రోజులు నీ పక్క కుర్చీలో కూకున్నాను. ఓడని కదిపేవు, ఇంగ్లండుని కదిపేవు. ఆ గదిలో నీ పెదవి ఒక్కరోజు కదిలిందా?"

బంగారయ్య గ్లాసుని బల్లమీద పెట్టాడు. ఈసారి ఆయన గొంతులో ఇందాకటి ఊపు లేదు.

"ఆ రికార్డరు మీద ఎర్రలైటు వెలుగుద్ది సూడు సెల్లే, అది సూత్తే నాకు నాలుక పడిపోద్ది. మా కంపెనీలో ఒక్క అంకె తప్పు రాసినా చెరపకూడదు. గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి, తేదీ ఎయ్యాలి. పెద్ద తప్పైతే మెమో. పందొమ్మిదేళ్ళలో నా లాగ్‌బుక్కులో ఒక్క కొట్టివేత లేదు. ఇక్కడేమో మొదటిరోజే మేడమ్ కాయితం మీద నా సంతకం తీసుకుంది. తప్పు మాటాడితే అది నా పేరుమీద యూనివర్సిటీలో ఎప్పటికీ ఉండిపోదా?"

చంద్రమౌళికి నవ్వొచ్చింది గానీ బంగారయ్య మొహం చూసి ఆపుకున్నాడు.

"ఓరి పిచ్చన్నా," అంది రూతమ్మ. "ఆ సంతకం, మన మాట రికార్డు సేసుకోడానికి ఒప్పుకున్నట్టు. మెమో ఇవ్వడానికి కాదు. అక్కడ నీ పేరు కూడా ఉండదట, ఓ నంబరు ఉంటాదట. ఆవిడ రీసెర్చే మన తప్పుల మీద. ఎక్కడ తప్పుతున్నాం, ఎందుకు తప్పుతున్నాం, అదే ఆవిడ రాసుకునేది. తప్పులు లేకపోతే ఆవిడకి పనే లేదు. నా తప్పులతో ఓ నోటుబుక్కు నిండిపోయింది, చూపించి మురిసిపోయింది. నీ తప్పులు రాసుకునే కాయితం కూడా చూపించింది."

"నా కాయితంలో ఏటుంది?"

"ఏం లేదు. తెల్లగా ఉంది. పైన ఒక్క ముక్క రాసుకుంది, వింటున్నారు, అని. నలభై రోజులూ అదే ముక్క."

బంగారయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు మెల్లగా లేచి, మేడమెట్ల వైపు తిరిగి నిలబడ్డాడు. వీధిలో ఆటోలు వస్తున్నాయి, పోతున్నాయి. దాటడానికి ఆయన కాలు పడలేదు. చంద్రమౌళి కళ్ళజోడు జేబులో పెట్టుకుని రోడ్డు మధ్యకి నడిచి, ఓ ఆటోకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"రానీ అల్లుడా, రానీ. రైట్, రైట్."

బంగారయ్య దాటాడు. మెట్లెక్కుతుంటే వీపు మాత్రమే కనిపించింది, సగంలో ఒకసారి ఆగి మళ్ళీ కదిలింది. రూతమ్మ పొయ్యి ఆపి ఖాళీ గ్లాసులు గబగబా బొక్కెనలో వేసింది. ఆవిడకీ ఆలస్యమైపోయింది. పైన కిటికీలోంచి దీనా గొంతు వినిపించింది, మొదలుపెడదామా అని ఇంగ్లీషులో అడుగుతోంది.

"హోల్డాన్."

రూతమ్మ బొక్కెన పట్టుకునే ఉండిపోయింది.

"హోల్డాన్ మేడమ్," అంది బంగారయ్య గొంతు మళ్ళీ. "మై సిస్టర్ కమింగ్. టీ షాపు క్లోజింగ్. ఫైవ్ మినిట్స్ వెయిట్."

ఇందులో రెండు మూడు తప్పులున్నాయని రూతమ్మకి కూడా తెలిసింది. కళ్ళు ఒత్తుకుని, తడి చేతులతోనే వీధి దాటి మెట్లెక్కింది. కింద బల్లమీద అప్పలరాజు గ్లాసు ఎత్తబోయి ఆగి, అందులోకి చూశాడు.

"మావా, టీ ఊగుతోందేటి?"

"నీ చెయ్యి వణుకుతోందిరా," అని రోడ్డు మీంచి తిరిగొచ్చి కూర్చున్న చంద్రమౌళి తన గ్లాసు కూడా ఒకసారి చూసుకున్నాడు.