చౌకోర్ బర్ఫీ

లాక్‌డౌన్‌తో సూరత్‌లో వజ్రాల కార్ఖానాలు మూతపడ్డాయి. సానపట్టే పనివాడొకడు ఇంట్లో కంటికి భూతద్దం పెట్టుకుని, భార్య చేసిన బర్ఫీ పళ్లెం ముందు కత్తితో కూర్చున్నాడు.

"లత నాయినా, పుట్టినరోజు పిల్ల ఎదురుచూస్తున్నది. ముక్కలు కోసినవా?"

"జర ఆగవే. చౌకోర్ హీరా అంటే పొడుగు, వెడల్పు సమానం రావాలె. ఇది పొడుగైంది."

"జర తేడా ఉంటే కంటికి తెల్వదని నిన్న నువ్వే అంటివి గదా?"

"జరైతే తెల్వది. గింత తేడా గుడ్డోనికి గూడ తెలుస్తది. ఇగో, కోసిన."

"ఇప్పుడు వెడల్పు ఎక్కువైంది."

"అయితే అటు గూడ కోస్త."

"మూలలు ఏమైనయి?"

"చౌకోర్‌ల మూలలే నాజూకు. చెయ్యి తగిలితే ఇరుగుతయి. ఇరిగినయి తీసేసిన."

"మరి అడుగు ఎందుకు గీకినవ్?"

"మందం ఎక్కువుంటే బరువంత కడుపుల దాసుకొని, హీరా పైకి చిన్నగ కనిపిస్తదే."

"పళ్లెం నిండా ఉన్న బర్ఫీ పాచికలంత అయింది! కోసిన తుక్కు ఏది?"

"తుక్కా? ఫ్యాను గాలికి పోయినట్టుంది."

"మీ కార్ఖానాల తుక్కు ఎవరిది?"

"సేఠ్‌ది. గడప దాటేముందు జేబులు, చేతులు అన్నీ చూస్తరు."

"ఈ ఇంట్ల సేఠ్ నేనే. నోరు తెరువు."