శీనప్ప కారులో పైపుల గూడు

"అవ్వా, తాత రేసు కారులో పైపులతో గూడు కట్టినాడంటనే. అమ్మ సెప్పింది. నిజమేనా?"

మీ అమ్మ సెప్పిందా? దానికేం గురుతుంటాదిలే, అప్పుడది బడికి కూడా పోని బిడ్డ. కూసో, ఆ పీట ఇట్ల లాక్కో. నిజమే నాయనా. గూడని మనం అంటాము, రేసులోళ్లు ఇంగ్లీషులో కేజీ అంటారు, తూకం కేజీ కాదులే. కారు దొర్లిందనుకో, పైకప్పు అణిగి లోపలుండే మనిషి నెత్తిమీదికి వస్తాది గదా, అట్ల రాకుండా లోపల ఇనప పైపులు వంచి, అతికిచ్చి, గూడు మాదిరి కడతారు. బయట రేకంతా నలిగిపోయినా ఆ గూడు నిలబడల్ల. సెప్పేదానికి ఇంతే. కట్టినోళ్ల ఇంట్లో ఉంటే తెలుస్తాది అది ఎట్లుంటాదో.

ఎనభై రెండో, ఎనభై మూడో... మీ అమ్మ పుట్టినంక శానా దినాలకు. మన షెడ్డు అప్పుడు పుంగనూరు రోడ్డులో ఉన్నింది. ఇప్పుడు సెల్లు ఫోన్లంగడి ఉండాదే, అదే. కాదు కాదు, దాని పక్కది, మెట్లు దిగి లోపలికి పోతామే, అది. మీ తాతకు వెల్డింగ్ పని. కిటికీ కమ్ములు, బస్సు సీట్లు, గేట్లు. కురబలకోట తట్టునుంచి గొర్రెలోళ్లు వచ్చి దొడ్లకు తడికెల మాదిరి కమ్మీలు సేయించుకోని పోయేవాళ్లు. నారాయణప్ప అతుకు వేస్తే ఇడిపోదని పేరు. కార్ల పని ఆయనకు తెలీదు. అప్పట్లో మదనపల్లెలో కార్లేడివి, డాక్టర్లకు, మిల్లులోళ్లకు తప్ప.

కారు తెచ్చింది నా తమ్ముడు. శీనప్ప. నువ్వు సూడలేదులే వాడిని, ఫొటోలో సూసింటావు. కుప్పంలో లారీ మెకానిక్కు వాడు. సిన్నప్పట్నుంచి బండంటే పిచ్చి. మా నాయన లారీ డ్రైవరు. మొగిలి ఘాట్లో లారీ పల్టీ కొట్టి పోయినాడు ఆయన. లారీకి పెద్దగా ఏం కాలేదు నాయనా, ముందర డ్రైవరు కూసుండే డబ్బా ఒకటి అణిగిపోయింది, అంతే. నేను పోయి సూసినాను. సూడకుండా ఉండాల్సింది. శీనప్ప అప్పుడు పసోడు, వాడికి సూపించలేదు. అందుకే వాడికి భయం లేదు, నాకు ఉండాది, అనుకుంటా నేను.

బెంగళూరులో ఒకాయన, కాఫీ తోటలుండే ఆయన, ఆయన బండి కుప్పం కాడ నిలబడిపోతే శీనప్ప బాగు సేసి, తోలి సూపించినాడు. ఆ తోలింది సూసి ఆయన, నా కారు నువ్వే తోలు రేసులో అన్నాడంట. రేసంటే గుండ్రంగా తిరిగేది కాదు. బెంగళూరులో బయల్దేరి కుప్పం, శాంతిపురం, పెద్దపంజాణి, పుంగనూరు, మదనపల్లె, ఇట్ల పల్లెల్లో మట్టి రోడ్లమీద పడి పొయ్యేది. ర్యాలీ అంటారు. లోపల కేజీ లేని కారును బయల్దేరనియ్యరంట. దానికి బెంగళూరులో సేసేవోళ్లు ఉండారు గానీ, వీడు నా బావ సేస్తాడు అని మాట ఇచ్చి, కారు తోలుకోని నేరుగా మన షెడ్డుకు వచ్చేసినాడు. పైన క్యారియరు మీద పైపులు కట్టుకోని.

మీ తాత ఆ పైపు ఒకటి తీసుకోని, వైసులో బిగించి, ఎర్రగా కాల్చి, వంచి సూసినాడు. పైపు పొడుగునా అతుకు ఉంటాది సూడు, ఆడ నోరు తెరిసింది అది. "ఇవి నీళ్ల పైపులు శీనప్పా. కారు బరువు నెత్తిమీద పడితే ఆగవు" అన్నాడు. అతుకు లేని పైపు, మందంది, బెంగళూరులోనే దొరుకుతాది, అది తెస్తే సేస్తాను, లేకుంటే లేదు, అని తేల్చేసినాడు. వాడు కొంచేపు గొణిగి, ఆ సాయంత్రం బస్సెక్కి పోయినాడు.

వాడు అట్ల పోయినాడో లేదో, మరుసటి పొద్దున కుప్పం నుంచి లక్ష్మి దిగింది. వాడి పెండ్లాం. శాంతిపురం తట్టు పిల్ల, తక్కువ మాట్లాడతాది. ఎండలో నడిసి వచ్చింది బస్టాండునుంచి. నీళ్లిస్తే తాగలేదు. సేతిలో పట్టుకోనే నిలబడింది.

"వదినా, అన్నతో సెప్పి ఇది సేయనీకుండా సూడు. కేజీ లేకుంటే కారు నిలబడనియ్యరంట. ఇంగ ఆయన ఎట్ల పోతాడు?"

సూడు, ఎంత సులువైన దారి పట్టుకోని వచ్చిందో ఆ పిల్ల. నాకు తోచలేదు అది. సరే అన్నాను. మా నాయన ముఖం కండ్లముందర ఆడతా ఉండాది, నేనెందుకు కాదంటాను? మధ్యాన్నం మీ తాత కూటికి వచ్చినప్పుడు, సంగటి పెట్టి, ఇది సెయ్యొద్దు నువ్వు, పైపు దొరకలేదనో, కరెంటు లేదనో ఏదోకటి సెప్పు వాడికి, అన్నాను. ఆయన తినేది ఆపలేదు. తిని, సేయి కడుక్కోని, తుడుసుకుంటా సెప్పినాడు.

"నేను సేయకుంటే మానుకుంటాడనుకున్నావా వాడు? ఇంకోని కాడికి పోతాడు. ఆ కట్టేటోడు ఈ నీళ్ల పైపులతోనే కట్టి రంగు పూసి ఇస్తాడు. రంగు పూస్తే రెండూ ఒకటే మాదిరి ఉంటాయి రత్నా."

"నువ్వు కట్టింది ఇరిగితే?"

తువ్వాలు మడిసి బుజం మీద యేసుకున్నాడు. "అదే భయం నాకు" అన్నాడు. అట్లనేసి షెడ్డుకు పోయినాడు.

మీ తాత నోట భయం అనే మాట నేను అంతకుముందు ఇన్నెల్యా. పెండ్లయినప్పట్నుంచి ఇన్నెల్యా. ఆ మాటతో నా భయం ఇంగా జాస్తి అయింది. లక్ష్మికి ఏం సెప్పేది? ఉన్నిందున్నట్టు సెప్పినాను. ఆ పిల్ల తల వంచుకోని ఇనింది. ఊరికి పోల్యా. ఈడనే ఉంటా వదినా, సూస్తా ఉంటా, అనింది.

శీనప్ప మంచి పైపులు తెచ్చినాడు. ఇంగ పని మొదలు. పైపును ఉత్తగా వంచితే మూల్లో నొక్కుకోని పోతాది, మనం ఉల్లికాడను వంచితే ఎట్ల నొక్కుకుంటాదో అట్ల. అట్ల నొక్కుకుంటే ఆడ బలముండదు. అందుకని లోపల ఇసక పోసి, గట్టిగా దట్టించి, రెండు పక్కలా కట్టె బిరడాలు కొట్టి, బొగ్గుల్లో ఎర్రగా కాల్చి, లారీ చక్రానికి ఆనించి వంచల్ల. ఆ ఇసక ఎండిపోయి ఉండల్ల. తడుంటే కాల్చినప్పుడు ఆవిరి పట్టి బిరడా తుపాకీ గుండు మాదిరి వస్తాదంట. ఎవరికన్నా తగిలితే ఇంగేముండాది. అందుకే నేను, లక్ష్మి, ఇంటి ముందర పొయ్యి పెట్టి, పెండ్లిండ్లకు వాడే బాండ్లీలో ఇసక ఏంచినాము. శెనక్కాయలు ఏంచినట్టు. పొయ్యేవాళ్లు నిలబడుకోని సూసేవాళ్లు, ఏమమ్మా ఏంచతాండారు అని. ఏం సెప్పల్ల? ఇసక అంటే నవ్వుతారు. వద్దనుకున్న పనికి మేమే ఇసక ఏంచతాండామే అని నాకు లోపల. లక్ష్మి మాత్రం అరిసేయంత ఇసక తీసి, సల్లారనిచ్చి, తడి ఏమన్నా ఉండాదేమోనని పిడికిట్లో పట్టుకోని సూసేది. మళ్లీ బాండ్లీలో పోసేది. సాలమ్మా అన్నా ఇనేది కాదు.

ఒక వంపు సరిగా రాకుంటే మీ తాత ఆ పైపు అవతల పారేసినాడు. శీనప్పకు కోపం. అంత దూరం పోయి తెచ్చింది బావా అని. ఆయన ఇననట్టు ఇంకోటి తీసుకున్నాడు.

వెనక ఒక పెద్ద వంపు, సీటు ఎనకాల, నేలనుంచి పైకి పోయి మళ్లీ నేలకు దిగేది. ముందర అద్దం పక్కన ఇంకోటి. రెండింటికీ నడమ పైన పైపులు, తలుపుల కాడ అడ్డం పైపులు, ఎనక్కు ఒరిగించి రెండు. శీనప్పను హెల్మెట్టు పెట్టి ఆ ఎండలో కార్లో కూసోబెట్టి, తలకు పైపుకు నడమ సేయి పెట్టి సూసినాడు మీ తాత. ఉడికిపోతాండాను బావా అని వాడు అరుస్తాండాడు. ఇంగో అంగుళం కిందికి కూసోవల్ల నువ్వు, అని సీటు కిందకు దించినాడు.

ఆ, ఇది సెప్పల్ల. పైన అతుకులు వేసేదానికి వచ్చేసరికి, పైపు కప్పుకు ఆనుకోని ఉండాది. వెల్డింగు పుల్ల పైతట్టుకు పోదు. కింద మాత్రం అతికిచ్చి ఇడిసిపెడితే సగం అతుకే. ఎవురికీ కనపడదు అది. మీ తాత బీడీ ఎలిగించి కారు సుట్టూ తిరిగి తిరిగి, ఆకరికి కారు నేలకు, పైపులు ఆనేకాడ, బొక్కలు కొట్టినాడు. శీనప్ప సేతులు పట్టుకున్నాడు. ఓనరు నన్ను ఉండనియ్యడు బావా, కారు బొక్కలు పడి ఉండాదంటే ఏం సెప్పేది అని. బొక్కలు ఎందుకంటే, గూడునంతా ఆ బొక్కల్లోంచి కిందికి దించితే పైన జాగా వస్తాది గదా. అప్పుడు సుట్టూ అతికిచ్చి, మళ్లీ గూడు పైకెత్తి, బొక్కల మీద మందం రేకులు పెట్టి, కింద ఇంకో రేకు పెట్టి, బోల్టులు బిగించి, దాన్ని కూడా అతికిచ్చినాడు. కరెంటు నడమన పోతే, ఆ సగం అతుకును కోసేసి మళ్లీ మొదట్నుంచి వేసేవాడు. అన్నం కాడ కూడా వేళ్లతో పీట మీద గీతలు గీస్తా ఉండేవాడు.

అంతా అయినంక, గూడు బరువుకు ఆగతాదా లేదా సూసేదానికి, లోపల నేలకు, పైన పైపుకు నడమ లారీ జాకీ పెట్టి తిప్పినాడు. కారు మూలిగింది నాయనా. కిర్రుమని. నేను, లక్ష్మి బయట నిలబడుకోని ఉండాము. ఆ శబ్దం ఇంటే నాకు మా నాయన లారీ... వద్దులే. గూడు కదల్లేదు. మీ తాత జాకీ దించి, ఇంగ తీసుకోని పో, అన్నాడు. బాగుంది అనలేదు.

రేసు రోజు మేము ముగ్గురం పెద్దపంజాణి కాడికి పోయినాము. రోడ్డు పక్కన బండ మీద కూసున్నాము. జనం బాగా వచ్చినారు, తిరనాల మాదిరి. మిగతా కార్లు వస్తాండాయి, దుమ్ము లేపుకుంటా, తలుపుల మీద నంబర్లు. ఒక్కోటి వస్తాంటే లక్ష్మి లేసి నిలబడేది. మళ్లీ కూసునేది. శీనప్ప కారు పసుపుది. వాడికంటే ఎనక బయల్దేరినోళ్లు కూడా వచ్చి పోయినారు. మీ తాత నోట్లో బీడీ ఆరిపోయి ఉండాది, ఆయనకు తెలీదు అది. ఏమన్నా పంచరయ్యుంటాదిలే అన్నాను నేను.

అప్పుడు వి.కోట తట్టునుంచి ఒక లారీ వచ్చింది. ఆ డ్రైవరు బండి ఆపి ఎవరితోనో సెప్తాండాడు, ఎనక మలుపులో కారు ఒకటి సేన్లో పడి తిరగబడి ఉండాదని. ఏం రంగు అని మీ తాత అడిగినాడు. పసుపు అన్నాడు.

ఆ లారీ ఆయన మంచోడు, బండి తిప్పి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. లక్ష్మి ఏడవలేదు. నా మణికట్టు పట్టుకున్నింది. ఎంత గట్టిగా పట్టుకున్నిందంటే గాజు పగిలి గుచ్చుకుంటే నాకు దిగినాక తెలిసింది. దావంతా నేను ఒకటే అనుకుంటాండాను, ఆ పిల్ల అడిగింది గదా, వద్దని అడిగింది గదా అని.

పోయి సూస్తే, కోసిన రాగి సేన్లో కారు ఎల్లకిలా పడి ఉండాది. పల్టీల మీద పల్టీలు కొట్టిందంట. కప్పు ఆ పైపులకు అతుక్కోని పోయి ఉండాది, పెనానికి రొట్టె అతుక్కున్నట్టు. సుట్టూ జనం. లక్ష్మే జనాన్ని తోసుకోని పోయింది. శీనప్ప గట్టు మీద కూసోని ఉండాడు. సేయి ఇరిగింది, ముఖమంతా దుమ్ము. కార్లో వాడి పక్కన కూసోని దావ సెప్పే బెంగళూరు పిల్లోడికి గీతలు పడినాయి, అంతే. లక్ష్మి పోయి వాడి తల రెండు సేతుల్తో పట్టుకోని, బిడ్డ తల తడిమినట్టు తడిమి సూసింది. వాడు మీ తాతను సూసి నవ్వినాడు. "బావా, నీ గూడు నిలబడింది" అన్నాడు.

మీ తాత నేరుగా పోయి ఆ తిరగబడిన కార్లోకి దూరినాడు. నేను వంగి సూస్తే, ఒక్కో అతుకును వేళ్లతో తడుముతా ఉండాడు. డ్రైవరు పక్క, ముందర మూలకాడ సేయి ఆగిపోయింది. ఆడ పగులు పట్టి ఉండాది, ఎంటిక మాదిరి, సిటికెన వేలంత పొడుగు. ఊడలేదు. పట్టుకోనే ఉండాది. ఆయన సేయి తీయకుండా అట్లనే కూసున్నాడు లోపల.

అందరూ మెచ్చుకున్నారు. ఆ కాఫీ తోటలాయన వచ్చి మీ తాతను కావిలించుకున్నాడు. ఈయన ముఖంలో ఏం లేదు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో నాతో మెల్లగా, "ఇంకొక్క పల్టీ కొట్టింటే రత్నా?" అన్నాడు. ఆ తరవాత కొన్ని దినాలు షెడ్డు తీయలేదు. ఇంట్లోనే సాప మీద పడుకోని దూలాలు సూస్తా ఉండేవాడు. బతికినాడు గదా అంటే, ఊ అనేవాడు.

అట్లుంటే ఒక పొద్దు లక్ష్మి మళ్లీ వచ్చింది. ఒక్కతే. ఈసారి నీళ్లిస్తే తాగింది. మీ తాత ముందర కూసునింది, ఎప్పుడూ అట్ల కూసునేది కాదు. ఇంగ శీనప్పను మానుకోమని సెప్పమంటాదేమో అనుకున్నా నేను.

"అన్నా, ఆయన మానడు. పట్టీ కట్టుకోనే కారు గురించి మాట్లాడతాండాడు. నేను సెప్పి సూసినాను, ఇంగ సెప్పను. ఆ పగిలిన కాడ ఈసారి ఏం సేస్తావు, అది సెప్పు నాకు."

మీ తాత లేసి కూసున్నాడు. బొగ్గుముక్క తీసుకోని నేల మీద గీసి సూపించినాడు, మూలకు మూడుమూలల రేకు ఇట్ల అడ్డం పెట్టి అతికిస్తే బరువు ఒక్క అతుకు మీదే పడదు అని. ఆయమ్మ తల ఆడిస్తా, ఈ పక్క కూడానా అన్నా, అని అడగతా ఉండాది. ఈ పక్క కూడా అమ్మా, అన్ని పక్కలా, అంటా ఉండాడు ఆయన. నేను పొయ్యి కాడ నిలబడుకోని సూస్తా ఉండాను, వాళ్లిద్దరినీ. భయం పోయిందని కాదు. ముగ్గురం ఉండాము గదా దాన్ని మోసేదానికి, అనిపించింది.

మరుసటి దినం షెడ్డు తెరిసినాడు.

శీనప్ప ఇంకొన్నేండ్లు తోలినాడులే. కండ్లు తగ్గినంక వాడే మానుకున్నాడు. ముసలోడయి, సక్కెర జబ్బుతో, మంచంలో పోయినాడు. మంచంలో, సూడు. మీ తాత అప్పటికే పోయినాడు. లక్ష్మి ఉండాది కుప్పంలో, సెవుడు వచ్చింది, ఫోన్లో అరవల్ల.

ఏం టైమయింది? బస్సుకు పోవల్ల గదా నువ్వు. బెంగళూరు రోడ్డు ఇప్పుడు బాగుండాదంటారు, బాగుంటేనే జోరుగా తోలతారని నాకు... సరేలే. పో నాయనా. సల్లగా ఉండు, నూరేండ్లు ఉండు. సెడ్డ ఆలోచనలు యాల ఇప్పుడు. ఆ సంచిలో శెనక్కాయలు పెట్టినాను, ఏంచినవే, దావలో తిను...